తిరిగొచ్చిన చిలప

పొందూరు ఖద్దరు దుకాణంలో పంచెల బీరువాకీ బిల్లు రాసే బల్లకీ నడుమ ఒక గాజు పెట్టె ఉంది. అందులో ఎర్ర గుడ్డ పరిచి, దాని మీద వాలుగ చేప దవడ ఎముకను పడుకోబెట్టి, పక్కన ఒక అట్టముక్క మీద దాని ఉపయోగం గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టారు. మా కాలేజీలో నా తర్వాత చేరి మొన్ననే రిటైరైన ఒకాయనకి పంచెల చాపు కొందామని విజయనగరం నుంచి బస్సెక్కి వెళ్లినదాన్ని, ఆ పెట్టె ముందు నిలబడిపోయాను. బిల్లు రాస్తున్న అమ్మాయి నా చూపు కనిపెట్టి, “అది సేప పళ్లండి. మునపు దీంతోనే పత్తి దువ్వీవోరు. మీకు తెల్దేమో” అంది. తెలీదన్నాను. అరవై దాటాక అబద్ధం ఆడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. తెలుసంటే ఎలా తెలుసని అడుగుతుంది, మీ ఇంట్లో ఎవరు దువ్వేవారని అడుగుతుంది, ఆ జవాబు చెప్పాల్సి వస్తుంది. చిన్నప్పుడు ఒకసారి ఆ జవాబు ఒకరికి చెప్పి చాలా పోగొట్టానన్న నమ్మకంతోనే నేను ఇన్నేళ్లూ బతికాను.

మా ఊరు పొందూరుకి నడిచి వెళ్లేంత దూరం. వడికేవాళ్లు, నేసేవాళ్లు, వరీ చోళ్లూ పండించేవాళ్లు, అంతా కలిపితే చిన్న ఊరే. మా ఇంట్లో ముగ్గురం. మామ్మ, నాన్న, నేను. మామ్మ నాన్నకి తల్లి. మా అమ్మ నాకు ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయింది. నాన్న ఊళ్లో బడికి మేష్టారు. ఇంట్లో ఎప్పుడూ పత్తి వాసన. పత్తికి వాసనేమిటంటారు గాని, ఎండలో ఆరబెట్టిన కొండపత్తికి, గింజతో ఉన్నప్పుడు, వేయించీ వేయించని పప్పులాంటి వాసన ఒకటి ఉంటుంది. దానికి రాట్నం ఇరుసుకి రాసే ఆముదం తోడు, వడకడానికి చుట్టిన దూది ఏకులు దాచే ఎండిన అరటి దొప్పల వాసన తోడు. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. మామ్మ రాట్నం పక్కన పెట్టి అన్నం పెట్టేది కాబట్టి.

మామ్మ తెల్లవారకముందే లేచేది. వాకిలి చిమ్మి, కళ్లాపి జల్లి, ముగ్గేసి, నూతి దగ్గర నీళ్లు పోసుకుని, గూట్లో ఉన్న అమ్మవారి పటం ముందు దీపం పెట్టి, అప్పుడు గాని నోరు విప్పేది కాదు. విప్పాక మరి మూసేది కాదు. “ఒలే గుంటా, సేతులు కడుక్కుని రా. సెమట సేతుల్తో ఏకులు ముట్టుకున్నావంటే ఈపు సిట్లగొడతాను” అనేది. తాత పోయిన నాటి నుంచి ఆవిడ చేప ముట్టలేదు. పక్కింట్లో చేప వేగితే కిటికీ మూసేసేది. అలాంటి మనిషి రోజంతా చేప దవడ చేతిలో పట్టుకుని కూర్చునేది. గింజను అంటిపెట్టుకుని ఉన్న దూదిని, ఒక్కొక్క గింజనీ విడిగా పట్టుకుని, ఆ దవడకున్న సన్నటి పళ్లతో దువ్వాలి. పోగులన్నీ ఒకే వైపుకి తిరిగి, పసిపిల్ల జుట్టులా మెత్తగా నిలబడేదాకా దువ్వాలి. అది అయ్యాకే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం. పొందూరు నూలు సన్నదనమంతా ఆ మొదటి దువ్వుడులో ఉందని మామ్మ అనేది. ఆ దవడలు గోదావరి వైపు నుంచి వచ్చేవి. మామ్మ దగ్గరున్నది వాళ్ల అత్తగారు ఇచ్చింది. వాడి వాడి పసుపు రంగుకి తిరిగి, మామ్మ బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉండేది.

నాన్న దేవుణ్ణి నమ్మేవాడు కాదు. ఎప్పుడు మానేశాడో నాకు తెలీదు. అమ్మ పోయాక మాత్రం ఊరందరికీ తెలిసింది. పన్నెండు రోజులూ చేయవలసినవి చేయనన్నాడు. “నాకు నమ్మకం లేదు. లేని నమ్మకంతో ఆమెని పంపించడం నాకు తప్పుగా తోస్తంది” అన్నాడట. మామ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు చారు పెట్టి, “తిను. సచ్చిపోతావు” అందట. అంతటితో ఆ తగువు అయిపోయింది. ఊరు మాత్రం అంత తొందరగా వదల్లేదు. అలాగని ఎవరూ ఆయన్ని తిట్టలేదు, బడి మాన్పించలేదు. కొండల వైపు నక్సలైట్ల గొడవలు జరుగుతున్న రోజులవి. దేవుడు లేడనే మేష్టారంటే పోలీసులకి కూడా ఒక కన్నుండేది. అయినా మా ఊరివాళ్లు ఆయన మీద ఒక్క మాట పైకి పోనివ్వలేదు. ఉత్తరాలు ఆయన చేతే చదివించుకునేవారు, పిల్లలకి అక్షరాలు ఆయన చేతే దిద్దించేవారు. కాని పెళ్లిలో అక్షింతలు పంచేటప్పుడు, సంబరంలో ప్రసాదం పంచేటప్పుడు, పంచే చెయ్యి నాన్న దగ్గరికి వచ్చేసరికి మెల్లగా పక్కకి జరిగేది. మర్యాదగానే జరిగేది. వాళ్లకి ఇబ్బంది లేకుండా నాన్న ముందే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆయన పక్కన నిలబడ్డ నాకు రెండు చేతులూ చాపాలని ఉండేది. చాపితే పెట్టేవారు కూడా. ఎప్పుడూ చాపలేదు.

ఇంట్లో మామ్మా నాన్నల తీరు వేరు. పొందూరు సంతకి వెళితే నాన్న మామ్మ పూజకి కర్పూరం తేవడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. తెచ్చి గూటి కింద పెట్టేవాడు గాని, గూటి వంక చూసేవాడు కాదు. మామ్మ ఉపవాసమున్న రోజున కూడా నాన్నకి వేడి అన్నం వండేది. “ఆకలికి వారాలు తెల్వవు” అని గొణుక్కునేది. అప్పుడప్పుడు వాదించుకునేవారు. ఇద్దరూ ఒక్క అంగుళం కూడా జరిగేవారు కాదు. జరగాలని కూడా చూసేవారు కాదేమో అని ఇప్పుడనిపిస్తుంది.

మా ఊరి అమ్మవారికి వేసవిలో సంబరం. ఆ సంబరానికి అమ్మవారికి కట్టే కోక బజార్లో కొనేది కాదు. ఊళ్లో రాట్నం ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒక చిలప నూలు వెళ్లేది. చిలప అంటే వడికిన నూలును చుట్టగా చుట్టి పెట్టేది, ఇంతలావు కట్ట. అవన్నీ సూరి మావ మగ్గానికి చేరేవి. సూరి మావ ఊళ్లో మంచి నేతగాడు, మా మామ్మకి వరసకి అల్లుడు, మా ఇంటికి నాలుగిళ్లు అవతల. ఆయన అన్ని ఇళ్ల నూలూ కలిపి ఒకే కోక నేసి, పసుపులో ముంచి ఇచ్చేవాడు. సంబరం నాడు ఆడవాళ్లందరూ ముర్రాటలు, అంటే వేపమండలు వేసిన పసుపునీళ్ల కడవలు, నెత్తిన పెట్టుకుని వెళ్లి, ముందు కోకని చూసేవారు, తర్వాతే అమ్మవారిని. నా నూలు ఎక్కడ పడిందని వెతుక్కునేవారు. కనిపించడం కల్ల. అయినా మామ్మ ప్రతి ఏడూ కొంగు దగ్గర వేలు పెట్టి, “ఇదిగో ఇది నాది. ఇంత సన్నం ఇంకెవులు తీస్తారు” అనేది. అమ్మ పోయి, నాన్న కర్మలు మానేశాక కూడా పెద్దలు మామ్మ చిలపని వద్దనలేదు. నూలు ఆవిడది, భక్తి ఆవిడది, కొడుకుతో మనకేటి అనుకున్నారు. ఆవిడ బతుకులో అన్నిటికన్నా పెద్ద సంగతి ఆ చిలప. ఏడాదంతా వడికిన నూలు వేరు, ఆ ఒక్క చిలప వేరు. దానికి పత్తి కూడా విడిగా ఏరుకునేది.

నాకు పదేళ్లప్పుడు మామ్మ వేళ్లు వంగడం మానేశాయి. రాట్నం తిప్పగలదు, దారం తీయగలదు, కాని దవడ పట్టుకుని గంటలకొద్దీ దువ్వలేకపోయింది. నాకు నేర్పాలని చూసింది. నేను దూదిని చింపేసేదాన్ని. ఒకరోజు నాన్న బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పెరటి వసారాలో ఆవిడ పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా ఆవిడ చేతిలోంచి దవడ తీసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని చూసిన పనే. ఆ రోజు నుంచి పొద్దువాలేదాకా ఆయన దువ్వడం, ఆవిడ వడకడం. పని మగవాళ్లు చేయరని కాదు, నాన్న చేస్తాడని ఎవరూ అనుకోలేదు. అమ్మవారి చిలపకి పత్తి తీసిన రోజు నాన్న నవ్వుతూ, “అమ్మా, నీ అమ్మోరి కోకకి సేప పన్ను పనికొస్తాది గాని, నా సెయ్యి పనికిరాదేటి?” అన్నాడు. మామ్మ రాట్నం ఆపకుండానే, “సేప ఎప్పుడైనా దేముడు లేడందేటి?” అంది. నాన్న అంతగా నవ్వడం నేను మరి చూడలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, దువ్వడం మొదలుపెట్టాడు. ఆ చిలపకి పత్తంతా ఆయనే దువ్వాడు. ఆవిడ వద్దనలేదు.

పైడమ్మ సూరి మావ కూతురు. నా ఈడుది. ఊళ్లో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. మిగతా పిల్లలు నాతో ఆడేవాళ్లే గాని, దేవుడు లేడనేవాళ్ల పిల్లనని ఒట్లు వేసుకునే ఆటల్లో నన్ను కలుపుకునేవారు కాదు. దేవుడి మీద ఒట్టు వేసినా నాకు తగలదని వాళ్ల నమ్మకం. పైడమ్మ మాత్రం నాతో ఒట్టు వేయించుకునేది. “మీ మామ్మ మీద ఎయ్యి, సాలు” అనేది. ఒకరోజు కాలవ గట్టు మీద ఇద్దరం దేనికో మాటామాటా అనుకున్నాం. “మీ మామ్మకి ఏళ్లు వంగట్లేదంట. మరింక మీ నూలేటి, కొబ్బరి తాడు” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. “మా నాన్న దువ్వుతన్నాడే. మీ నాన్నకి సేతనవుతాదేటి?” అన్నాను. పైడమ్మ నా మొహంలోకి చూసి గట్టు దిగిపోయింది. ఇంటికొచ్చాక గాని నేనేం చెప్పేశానో నాకు తెలిసిరాలేదు.

చిలప సూరి మావ ఇంటికి వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో, పొద్దున్నే తలుపు తీస్తే గొళ్లేనికి వేలాడుతూ కనిపించింది. మా చిలపే. లేత అరటాకులో చుట్టి, నారతో కట్టి, కింద పడకుండా రెండు ముడులు వేసి తగిలించారు. వద్దనడం కూడా ఎంతో మర్యాదగా జరిగింది. మామ్మ వచ్చి దాన్ని విప్పి, రెండు చేతులతో ఎత్తి చూసి, లోపలికి తీసుకెళ్లి దీపం గూటి కింద పెట్టింది. నాన్న అడిగితే, “ఈ ఏడు నూలు ఎక్కువైపోనాదంట” అంది. నాన్న బడికి వెళ్లిపోయాడు. సాయంత్రం ఆవిడ ముందు నేల మీద కూర్చుని, “నా సెయ్యి తగిలిందనే కదమ్మా. ఒచ్చే ఏడు నుంచి ముట్టను. ఎవులైనా ఆడమనిషిని పిలుద్దాం. నీ నూలు ఆగిపోకూడదు” అన్నాడు. మామ్మ, “నువ్వు దువ్వకపోతే నాను వడకను. అంతే” అంది. కోపంతో అందనుకున్నాను. నేను తలుపు చాటున గోడకి అతుక్కుపోయి ఉన్నాను. నావల్లే అని అరిచి చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

సంబరం నాడు మామ్మ మామూలుగానే తలకి పోసుకుని, కడవ నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ల వరసలో చివరికి వెళ్లి నిలబడింది. నాన్న వీధి అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు, పేజీ తిప్పలేదు. పసుపు పరికిణీ కట్టుకుని, నెత్తిన కడవతో పైడమ్మ మా గుమ్మంలోకి వచ్చి, “రాయే, ముర్రాటలకి ఎల్దాం. నీకు కూడా సిన్న కడవ తెచ్చినాను” అంది. “నీతో నాకు మాటల్లేవు. నువ్వే మీ నాన్నకి సెప్పీసినావు. ఇంక మా గడప తొక్కకు” అన్నాను. దాని నోరు తెరుచుకుంది, ఏదో అనబోయింది, మళ్లీ మూసుకుంది. ఆ చిన్న కడవ చంకనెట్టుకుని వెళ్లిపోయింది. తప్పు చేసిందాని మొహం అది అని నిశ్చయించుకున్నాను. మామ్మ తిరిగొచ్చాక కోక ఎలా ఉందని నాన్న అడిగాడు. “బాగుంది” అంది. ఏ ఏడూ లేనిది, ఆ రోజు కొంగు మాట ఎత్తలేదు.

ఆ తర్వాత కూడా మామ్మ ప్రతి ఏడూ అమ్మవారికని ఒక చిలప వడికింది. నాన్నే పత్తి దువ్వాడు. చిలప ఎక్కడికీ వెళ్లదని ఇద్దరికీ తెలుసు. పూర్తయ్యాక ఆవిడ దాన్ని రేకు పెట్టెలో, తిరిగొచ్చిన చిలప పక్కనే పెట్టి మూత వేసేది. నేను పైడమ్మతో మాట్లాడలేదు. బళ్లో ఒకే బల్ల మీద నుంచి వేరే బల్ల మీదకి మారాను. ఆటలు మానేసి పుస్తకాలు పట్టుకున్నాను. నన్ను చదువరి అనీ బుద్ధిమంతురాలనీ అందరూ మెచ్చుకున్నారు. స్నేహితులు లేని పిల్లని అలా అనడం పెద్దవాళ్లకి సులువు. కొన్నాళ్లకి నాన్నకి కొత్తవలస వైపు బదిలీ అయింది. మేము ఊరు విడిచేటప్పుడు సూరి మావ బండి దాకా వచ్చి సామాను ఎక్కించాడు, నాన్న భుజం మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు. పైడమ్మ రాలేదు, నేను అటు చూడనూ లేదు.

కొత్తవలసలో ఇల్లు రైలు పట్టాల పక్కన. కొండల మీంచి ఇనుప రాయి దింపుకొస్తూ గూడ్సు బళ్లు ఎప్పుడూ వెళుతుండేవి. ఎర్ర దుమ్ము పత్తి మీద పడుతోందని మామ్మ తడిగుడ్డ కప్పుకుని వడికేది. అక్కడే పోయింది. ఆవిడకి మాత్రం నాన్న పన్నెండు రోజులూ లోటు లేకుండా చేశాడు. తడి బట్టలతో కూర్చుని, నమ్మని మంత్రాలు తప్పు లేకుండా పలికాడు. నాకు అర్థం కాక అడిగితే, “మీ అమ్మ ఇలాంటివి పట్టించుకునేది కాదు. మామ్మ నమ్మింది కదా” అన్నాడు. చాలా ఏళ్లకి ఆయన పోయినప్పుడు, ఆయన కోరినట్టే, నేను ఏమీ చేయించలేదు. చుట్టాలు మొహాలు తిప్పుకున్నారు. ఇల్లు ఖాళీ అయ్యాక ఒక్కదాన్నే కూర్చున్నాను. గుళ్లకి నేనూ వెళ్లను. నాన్నలా ఆలోచించి, వాదించుకుని మానలేదు. చేతులు చాపడం చిన్నప్పుడే అలవాటు తప్పింది, అంతే.

ఖద్దరు దుకాణం నుంచి బయటికొచ్చి ఆటోవాణ్ణి మా ఊరికి పొమ్మన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆ అమ్మాయితో ఆడిన అబద్ధం గొంతులో ఉండిపోయిందేమో. పైడమ్మ మేనబావనే చేసుకుని ఊళ్లోనే, పుట్టింట్లోనే ఉండిపోయింది. మొగుడు పోయాడు, పిల్లలు విశాఖపట్నంలో ఉన్నారు. సూరి మావ మగ్గం గొయ్యి పూడ్చేసి పైన గచ్చు చేశారు. సరిగ్గా దాని మీదే టీవీ బల్ల ఉంది. నన్ను గుమ్మంలో చూసి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, “నువ్వు మేష్టారి గుంటవి కాదేటి?” అంది. టీ పెట్టింది. ఎవరు పోయారో, ఎవరున్నారో అన్నీ అయ్యాయి. అమ్మవారి కోక ఇప్పుడు ఎవరు నేస్తున్నారని అడిగాను. “నేతేటి. శ్రీకాకుళంలో కొని తెచ్చీస్తన్నారు, జరీ కోక. రాట్నమున్న ఇల్లు ఒక్కటీ లేదు” అంది. అప్పుడు నవ్వులాటకి అన్నట్టు, ఇన్నేళ్లుగా నోట్లో నానుతున్న మాట అడిగేశాను.

“ఆ రోజు మీ నాన్నకి ఎందుకు చెప్పావే?”

“ఏటి సెప్పినాను?”

“మా నాన్న పత్తి దువ్వుతున్నాడని.”

పైడమ్మ గ్లాసు కింద పెట్టింది. “నాను సెప్పలేదు. మీ మామ్మే ఒచ్చి సెప్పింది” అంది.

అది చెప్పినదంతా దాని మాటల్లోనే రాస్తాను, నా మాటల్లో పెడితే పలచబడుతుంది. “నాను మగ్గం పక్కన కూకుని కండెలు సుడతన్నాను. మీ మామ్మ చిలప అట్టుకుని ఒచ్చింది. కూకోమంటే కూకోలేదు. ‘సూరీ, ఈ పత్తి నాను దువ్వలేదు, నా కొడుకు దువ్వినాడు. ఆడు దేముణ్ణి నమ్మడు, నీకు తెల్సు. తెలిసి తీసుకుంటావేటి?’ అంది. మా అయ్య, ‘నాను ఇనలేదనుకుంటాను అత్తా, అక్కడెట్టీసి ఎల్లిపో’ అన్నాడు. ‘నువ్వు ఇనకపోతే ఎలగ? సాటుగా ఇవ్వడానికి నా కొడుకేటి దొంగా? పెద్దలకి సెప్పు. తెలిసి తీసుకుంటే తీసుకోండి, లేపోతే తిప్పి పంపించీండి. ఆణ్ణి దాసి నా నూలు ఒక్కటీ ఇవ్వను’ అంది. మా అయ్య సెప్పినాడు. ఆళ్లు ఒప్పుకోలేదు. రెండు దినాలు మా అయ్య కూడు సరిగ్గా తిన్లేదు. మీ మొగం సూడలేక తెల్లారకుండా ఒచ్చి తగిలించీసినాడు.”

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. “మీ మామ్మ నన్ను సూసింది కదా, దగ్గరికి పిలిసి, ‘మా గుంటకి సెప్పకే. ఆళ్ల నాన్నకి తెలిస్తే, అమ్మ నాకోసం తనే సెప్పీసి నూలు పోగొట్టుకుందని మరి పత్తి ముట్టడు’ అంది. అమ్మోరి మీద కాదు, ఆవిడ మీదే ఒట్టేయించుకుంది. నువ్వు నామీద అరిసినప్పుడు నోటి దాకా వచ్చింది. మింగీసినాను” అంది. పదేళ్ల పిల్ల మింగిన మాట అది. యాభై ఏళ్లకి పైగా పైడమ్మ ఆ మాట మోసింది. నేను దాన్ని చాడీకోరు అనుకుంటూ ఆ యాభై ఏళ్లూ గడిపేశాను.

తప్పు నాది కాదని తెలిస్తే మనసు తేలిక కావాలి. కాలేదు. ఇన్నాళ్లూ ఆ తప్పు ఒకటి నాతో ఉండేది, అదీ పోయింది. బస్సులో కూర్చుని మామ్మ గురించే ఆలోచించాను. నూలు పంపి ఊరుకుంటే ఆవిడ చిలప కోకలో పడి ఉండేది, కొంగు దగ్గర వేలు పెట్టి చూపించుకునేది. ఆవిడకి అంతకన్నా కావలసింది ఈ లోకంలో లేదు. దాన్ని వదులుకుంది గాని కొడుకుని దాచలేదు. ఆయన చేతిని ఆయనదిగానే ఆవిడ తన దేవుడి ముందు పెట్టింది. ఆ సంగతి నాన్నకి తెలుసో లేదో నాకు తెలీదు, అడగడానికి ఆయన లేడు. ఆ పెద్దలు చేసింది తప్పని ఈ వయసులో కూడా గట్టిగానే అంటాను. అయినా వాళ్లకి మా నూలు ఏదో తెలుసు, దాని మీద ఎవరి చెయ్యి పడిందో పట్టింపు ఉంది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో నేను గుడికి వెళ్తానో లేదో ఎవరూ అడగరు. చాన్నాళ్లు దాన్నే సహనమనుకుని సంతోషించాను. నేను బతికున్నానో లేదో కూడా అడగరని ఈ మధ్యే తోచింది.

ఆదివారం మళ్లీ వెళ్లాను. మామ్మ రేకు పెట్టెలోంచి, ఆనాడు గొళ్లేనికి వేలాడిన మొదటి చిలపని పాత తుండుగుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. రంగు కొంచెం మారింది గాని దారం గట్టిగానే ఉంది. పైడమ్మ గుమ్మంలో చేటలో బియ్యం ఏరుతోంది. ముందు అనుకోలేదు, మామ్మ మాటే నోటికి వచ్చింది. “పైడమ్మా, ఈ పత్తి మా నాన్న దువ్వాడు. దేవుణ్ణి నమ్మకుండానే పోయాడు. తెలిసి తీసుకుంటావా?” అన్నాను. అది చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, రెండు అరచేతులూ చాపి తీసుకుంది. “తెలిసే తీసుకుంటన్నాను” అంది. తర్వాత ఒక పోగు విడదీసి, వెలుగులో పట్టి చూసి, “ఇంత సన్నం మరెవులు తీస్తారే” అంది. మగ్గం లేదు, నేసేవాళ్లు లేరు, దాన్ని ఏం చేయాలో ఇద్దరికీ తెలీలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

బస్సు వేళ అవుతుంటే లేచి, “ఆ రోజు నువ్వు ముర్రాటలకి పిలిస్తే రావలసింది” అన్నాను. పోన్లే అంటుందనుకున్నాను.

“అవును, రావలసింది” అంది పైడమ్మ. “నాను మరెవుల్నీ పిలవలేదు. రెండు కడవలూ అట్టుకుని ఒక్కదాన్నే ఎల్లినాను.”